చెదలకు పెట్టిన విందు

న్యూ ఆర్లీన్స్‌లో మే నెల సాయంకాలం లైట్లు వేసుకుని కూర్చున్న ఇల్లు కనబడితే, ఆ ఇంటివాళ్ళు ఊరికి కొత్తవాళ్ళని అర్థం. పొద్దు గూకే వేళకు చెదల గూళ్ళలోంచి ఉసిళ్ళు పొగలా లేస్తాయి. తెలిసినవాళ్ళు లైట్లార్పేసి, వరండాల్లో చల్లటి టీ తాగుతూ ఊసులాడుకుంటారు. జెనోబియా ఆర్సినోకు మాత్రం ఆ నెలంతా కాలు ఒకచోట నిలవదు. చెద పట్టిన ఇళ్ళను బతికించడం ఆమె వృత్తి.

ఆమె తండ్రిదీ అదే పని. ఇంటి చుట్టూ గాడి తవ్వి పీపాలకు పీపాలు మందు పోయడం ఆయన పద్ధతి. కూతురు ఎరల పద్ధతి నేర్చుకుంది. చెదలతో మనం యుద్ధం చెయ్యడమెందుకు, వాటి మందు వాటి చేతే మోయిస్తే పోలేదా అంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో గోడ తట్టి, చెవి ఆనించి, ఇక్కడున్నాయి అందంటే అక్కడ ఉండి తీరాల్సిందే. తన మీద తనకు నమ్మకం కాస్త ఎక్కువే. ఉండొద్దూ మరి? అనుమానపడుతూ తట్టేవాళ్ళకు గోడలేం చెబుతాయి?

అంతటి మనిషికి సొంత పెద్దమ్మ ఇల్లే కొరకరాని కొయ్య అయింది.

లియోంటీన్ పెద్దమ్మది సన్నగా పొడుగ్గా సాగిన చెక్క ఇల్లు. గది వెనక గది, చిట్టచివర వంటగది. ప్రతి సోమవారం ఆ వంటగదిలో ఎర్ర బీన్స్ ఉడుకుతాయి. ఆ వేళకు వీధిలో ఎవరు కనబడినా, ప్లేటు ఖాళీ చేస్తేగాని పెద్దమ్మ కదలనివ్వదు. ఒక మే నెలలో వంటగది తలుపు చట్రంలోంచే ఉసిళ్ళు బిలబిలమంటూ బయటికొచ్చాయి. తెల్లారి ఊడిస్తే చేటెడు రెక్కలు. మేస్త్రీ వచ్చి చూసి వంటగది మొత్తం కూల్చాల్సిందేనన్నాడు. జెనోబియా అడ్డుపడితే, సరే, వచ్చే మే దాకా చూస్తాను, మళ్ళీ ఉసిళ్ళు లేచాయో సుత్తి పట్టుకొస్తానని చెప్పి పోయాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశానుగాని, ఏకంగా వాసాలే తినేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానని పెద్దమ్మ ఏడవలేక నవ్వింది.

చెదలు మట్టితో కట్టుకున్న దారి మీద జెనోబియా ఎర పెట్టె బిగించింది. లోపలున్నది కాగితం లాంటి మేత, అందులో నిదానంగా పనిచేసే మందు. తిన్నవి వెంటనే చావవు. గూటికి వెళ్ళి తక్కినవాటికీ నోటితో పంచుతాయి. ఆ తరవాత కుబుసం విడవలేక ఒక్కొక్కటే రాలిపోతాయి. షరతు ఒక్కటే, ఈలోగా వాటి జోలికి పోకూడదు. పెద్దమ్మ బుద్ధిగా తలూపింది.

ఆకులు రాలే కాలం వచ్చినా మేత ముట్టినట్టే లేదు. ఎదురింటి ఓజెమే ముసలాయన, పిల్లా, వాటికి మెనూ కార్డు ఇవ్వడం మరిచిపోయావేమోనని వరండాలోంచే ఎకసెక్కాలాడాడు. జెనోబియా లోపలికెళ్ళి వంటగది గోడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"పెద్దమ్మా, డబ్బా ఎక్కడ దాచావు?"

"ఏ డబ్బా?"

"పురుగుల మందు డబ్బా. గోడంతా నిమ్మకాయ వాసన."

పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పింది. "మీ పెదనాన్న తన చేత్తో కట్టిన గోడే అది. కరకరా నములుతుంటే వింటూ పడుకోమంటావా? నువ్వు పగలొచ్చి పోతావు. వినేదాన్ని నేను."

జెనోబియాకు వచ్చిన కోపం వచ్చినట్టే పోయింది. తన తప్పూ తెలిసింది. గోడ సంగతి చూసుకుందిగాని, గోడ పక్కన పడుకునే మనిషి సంగతి చూసుకోలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నువ్వు కొట్టిన మందుకు నాలుగు చచ్చాయి. మిగతావి బెదిరి పక్క చెక్కలోకి పోయాయి. సోమవారం నీ గడప తొక్కినవాణ్ణి ఎప్పుడైనా తినకుండా పంపావా?"

"ఆ పాపం నేనెరగను."

"వీటినీ అలాగే అనుకో. కడుపునిండా తిననీ. అదే ఆఖరి భోజనమని మాత్రం చెప్పకు."

పెద్దమ్మ బీన్స్ జాడీ వెనకనుంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది.

చెదలు ఎటు మళ్ళాయో తట్టి కనిపెట్టి, జెనోబియా అక్కడ కొత్త పెట్టె బిగించింది. ఈసారి మేత ఇట్టే తరిగింది. మళ్ళీ నింపింది, మళ్ళీ తరిగింది. పెద్దమ్మకు చేతులు దురద పెట్టేవి. ఆపుకోలేనప్పుడల్లా ఫోన్ చేసి, నీ చుట్టాలు ఇంకా తింటూనే ఉన్నారే అని దెప్పేది. చలికాలం చివర మార్డీ గ్రా పండగ సందడి మొదలయ్యే నాటికి ఆ ఫోన్లు ఆగిపోయాయి. గోడలో చప్పుడు లేదు. చెదలు తొలిచేసిన తలుపు చట్రం ఒక్కటే జెనోబియా మార్పించింది.

మే వచ్చింది. ఉసిళ్ళు లేచే సాయంకాలం ఇద్దరూ లైట్లార్పి వంటగదిలో కూర్చున్నారు. పెద్దమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. బయట వీధి దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసురుకున్నాయి. వంటగదిలో ఏముందో చీకట్లో తెలియదు.

తెల్లవారాక పెద్దమ్మ చీపురు తీసుకుని వంటగది ఈ మూలనుంచి ఆ మూలకు ఊడ్చింది. ఒక్క రెక్క లేదు. నమ్మకం చాలక మళ్ళీ ఊడ్చింది. తరవాత మేస్త్రీకి ఫోన్ చేసి, సోమవారం బీన్స్ తినడానికి రమ్మంది, సుత్తి మాత్రం ఇంట్లో పెట్టి రమ్మంది.