తపన్ పేరుకు నేను తగిలించిన ‘అప్ప’

కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో సోలార్ పార్కు వచ్చాక ఐదో ఏడు, ఎండలు అప్పుడే ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. మాది బలసముద్రం, వేరుశెనగ పండించిన ఇల్లు. చేను సోలార్ వాళ్ళకు కౌలుకు పోయాక, పి.యు.సి. దాకా చదివాను కాబట్టి ఒక క్లీనింగ్ కాంట్రాక్టరు దగ్గర సైట్ క్లర్కుగా కుదిరాను. మాడ్యూల్ క్లీనింగ్ అంటే సోలార్ పలకల మీది దుమ్ము తుడవడం. దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే పైవాళ్ళు అరుస్తారు, ఆ అరుపులు వినేది నేను. పొద్దున్నే హాజరు వేయడం, పనివాళ్ళకు గేట్ పాస్ రాయడం నా పని. గేట్ పాస్ అంటే ఫోటో అంటించి, పేరూ ఊరూ రాసి సీలు వేసిన అట్టముక్క. అది లేనిదే సెక్యూరిటీ వాడు సొంత తమ్ముణ్ణయినా లోపలికి వదలడు.

అంతకు ముందు ఏడాది మా గ్యాంగులో తపన్ బర్మన్ చేరాడు. బెంగాల్లో కూచ్‌బెహార్ దగ్గర పల్లె. సన్నటి మనిషి, మాట తక్కువ. మొదట్లో అతను నాకు నచ్చలేదు, నిజమే చెప్పాలి. మా ఊరివాళ్ళకు దొరకాల్సిన పని ఎక్కడివాళ్ళకో పోతోందని నేనే నాలుగుసార్లు సణిగాను. కానీ అతను తుడిచిన పలకను మళ్ళీ చూసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి "అక్కా, ట్యాంకరు యాడ ఉండాది?" అని మా మాటే మాట్లాడసాగాడు. మా ఆడవాళ్ళు అతన్ని తపనప్పను చేసేశారు. మా వైపు అంతే, మనిషి దగ్గరివాడయితే పేరుకు అప్ప తోడవుతుంది. పాసు గడువు తీరి కొత్తది రాసిన రోజు, ముందున్న కట్టెడు పాసుల తొందరలో నేను కన్నడంలో ‘తపనప్ప’ అనే రాసి సీలు గుద్దాను. ఆధార్ కార్డు చూసి రాయాలన్నది నా ఉద్యోగంలో మొట్టమొదటి నియమం. ఆ రోజు కార్డు అడగనే లేదు.

తర్వాత కొద్ది వారాలకు, ఒక సెలవు రోజు పొద్దున, పావగడ బస్టాండు ఎదుట టీ కొట్టు నడిపే గంగమ్మ ఫోన్ చేసింది.

"సరోజా, మీ తపనప్పను పట్టుకోనుండారు. బెంగళూరు నుంచి ఎవురో ఆఫీసర్లు వచ్చినారు. రోడ్డు మీదనే జనాన్ని నిలబెట్టి వీసాలు, కాగితాలు అడగతాండారు. మద్యాన్నం వ్యానులో ఎక్కిచ్చుకోని పోతారంట."

"వీసా ఏంది గంగక్కా? వాడు మన దేశమోడే గదా!"

"ఆ మాట ఈడికొచ్చి చెప్పు. బిన్నా రా, ఆలస్యం చేయొద్దు."

కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. "మనకెందుకమ్మా? వాడెవడో తెలీదని చెప్పి ఊరుకో" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి, మా ఆయన బండి మీద పావగడకు బయలుదేరాను.

బస్టాండు ముందర మామూలు బట్టల్లో ఇద్దరు ఆఫీసర్లు, వాళ్ళకు తోడు మా పావగడ హెడ్ కానిస్టేబుల్ హనుమంతప్ప ఉన్నారు. వ్యాను పక్కన తపన్ నేల మీద కూర్చుని, తనది కూచ్‌బెహారేనని చెప్తున్నా వినేవాళ్ళు లేరు. చుట్టూ జనం. "పిల్చుకోని పోనీలేప్పా, మన పని మనకు మిగుల్తాది" అని ఒక పంచె మనిషి అంటున్నాడు. ఇదివరకు నేను సణిగిన మాటే అది. వేరే నోట వినేసరికి సిగ్గేసింది.

నేను సైట్ క్లర్కునని చెప్పుకుని, ఎందుకు పట్టుకున్నారని అడిగితే పెద్ద ఆఫీసరు కన్నడంలో చెప్పాడు: "ఆధార్‌లో తపన్ బర్మన్. మీ పాసులో తపనప్ప. ఒకే మనిషికి రెండు పేర్లు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు చేసే పనే ఇది. బెంగళూరులో వెరిఫికేషన్ చేస్తాం."

వెరిఫికేషన్ అంటే కార్డు నిజమైనదో కాదో సొంత ఊళ్ళో విచారించడం. అది తేలేదాకా మనిషిని ఎక్కడ ఉంచుతారో, ఎన్నాళ్ళు ఉంచుతారో చెప్పేవాళ్ళు లేరు.

"ఆ పాసు రాసింది నేనే సార్. తప్పు నాది. ఈడ పేరుకు అప్ప చేర్చి పిలుస్తాం. అట్లనే రాసేసినా" అన్నాను.

"బెంగాలీకి అప్ప ఏమిటమ్మా? కథలు చెప్పకండి."

"కథ కాదు సార్. మీ పక్కనుండే ఆయన బ్యాడ్జీ చదవండి. వాళ్ళమ్మ ఏమని పేరు పెట్టిందో అడగండి."

హనుమంతప్ప నీళ్ళు నమిలాడు. "హనుమంతు అనే సార్. అప్ప బళ్ళో మేష్ట్రు చేర్చినాడు."

జనం గొల్లుమన్నారు. ఇందాకటి పంచె మనిషి ముందుకొచ్చాడు. "నాకూ బడి కాగితంలో ఒగ పేరు, ఓటరు లిస్టులో ఇంగొగ పేరు సార్. నన్నూ ఎక్కిచ్చుకోండి." వెనకనుంచి "నన్నూ", "నన్నూ" అని కేకలు లేచాయి.

ఆఫీసరు మొహం గట్టిపడింది. "నవ్వులాట కాదు. తప్పు రాశానని సంతకం పెడితే కేసు మీ మీదికే రావచ్చు. తెలుసా?"

భయమేసింది. అయినా గంగమ్మ కొట్లో తెల్లకాగితం అడిగి తీసుకుని, జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేశాను. "వాళ్ళ ఊరి స్టేషనుకు ఈడనుంచే ఫోన్ చేయండి సార్. జవాబు వచ్చేదాకా మేము కదిలేది లేదు. ఆ వ్యానూ కదలకూడదు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

ఆయన జనాన్ని ఒకసారి చూసి ఫోన్ తీశాడు. జవాబు కోసం చాలాసేపు ఎండలోనే నిలబడ్డాం. వై.ఎన్.హొసకోట బస్సు వచ్చింది, పోయింది. ఎక్కాల్సినవాళ్ళలో సగం మంది ఎక్కలేదు. చివరికి ఫోన్ మోగింది. అక్కడి స్టేషనువాళ్ళు మనిషి తమ ఊరివాడేనని చెప్పారు. ఆఫీసరు ఆధార్ తిరిగిచ్చి, పాసు మాత్రం ఉంచుకున్నాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు.

మర్నాడు కాంట్రాక్టరు నాకు మెమో ఇచ్చాడు. మెమో అంటే కాగితం మీద పెట్టే చీవాట్లు. తప్పు నిజంగానే నాది కాబట్టి కిక్కురుమనకుండా తీసుకున్నాను. తర్వాత తపన్‌ను కూర్చోబెట్టి, కార్డు ఎదురుగా పెట్టుకుని కొత్త పాసు రాయబోతూ అడిగాను.

"పాసులో పేరు తప్పుండాదని నీకు తెలీదా?"

"తెలుసక్కా. సెక్యూరిటీ ఆయప్ప చదివినప్పుడు విన్యా."

"మరి నాతో చెప్పలేదేందప్పా?"

తల వంచుకుని అన్నాడు: "పేరు మార్చుకుంటేనే ఈడ పని ఇస్తారేమో అనుకున్యా."

ఇన్నాళ్ళూ మేము ముద్దుగా పిలుస్తున్నామని మురిసిపోయాను. అతనేమో దాన్ని పనికి పెట్టిన షరతు అనుకుని నోరు మూసుకున్నాడు. ఆఫీసర్లు అతని మాట వినలేదని నడిరోడ్డు మీద కొట్లాడిన నేను, అతని పేరు అతన్ని అడగకుండానే రాసినదాన్ని. ఈ ఉద్యోగం నాకు నేర్పిన పాఠాలన్నిటిలో ఇదే పెద్దది. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు పేరు వాళ్ళ నోటితో చెప్పించుకుంటాను, రాశాక చదివి వినిపిస్తాను.

ఆ రోజు కూడా ‘తపన్ బర్మన్’ అని రాసి, చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు.