ఎడమకు తిరిగిన జడ

మొన్న అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో ఎక్కగానే చల్లగాలి తగిలి, మా మనవరాలు సంచిలోంచి పాత ఆకుపచ్చ స్వెటర్ తీసి తొడుక్కుంది. పక్కన నిల్చున్న అమ్మాయి దాన్ని తడిమి చూసి "ఎక్కడ కొన్నావ్?" అని అడిగింది. "మా నానమ్మ, మా అమ్మ కలిసి అల్లారు" అంది ఇది గొప్పగా. కలిసి! ఆ ఒక్క మాట దాకా రావడానికి వాళ్లిద్దరికీ ఎంత పట్టిందో దానికేం తెలుసు.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. కదలకుండా నిలబడితే మనిషి వీపుకైనా అంటించేవారు. అలాంటి కోర్సులోనే మావాడు పక్క కుర్చీలో కూచున్న భీమవరం పిల్లను చేసుకొచ్చాడు. మంచి పిల్ల, పంజాగుట్టలో ఉద్యోగం. పెద్దతనంలో నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. చిక్కల్లా ఒక్కటే, ఏ పనైనా ఎడమ చేత్తోనే. నాకు "అ" ఏ చేత్తో రాసిచ్చిందని నేను చూశానా? మా ఆవిడ చూసేది. కంచంలో గరిటె వంగడం ఆలస్యం, మొదలుపెట్టేది.

"ఎడమ చేత్తోని అన్నం పెడ్తరా ఎవరన్న? మీ దిక్కు గిట్లనే పెడ్తరా?"

"కుడి చేత్తో అయితే ఒలికిపోతుందండీ అత్తయ్యా."

"ఒలికితే ఒలకనియ్యి!"

కొన్నాళ్లకు ఆ పిల్ల వడ్డించడం మానేసింది, తరవాత మాట్లాడటమూ మానేసింది. ఓ రోజు మావాడు నా పక్కన చేరి "ఎస్.ఆర్. నగర్‌ల రూం చూసినం నాయినా, వచ్చే నెల పోతం" అన్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మర్నాడే మా ఆవిడ ఊలు కొనుక్కొచ్చింది. ఎవరికే అంటే "మా చెల్లెకు" అంది. చెల్లెలేమో నా అంత లావు. ఈవిడేమో తీగ మీద ఆరేసిన కోడలి జాకెట్టుతో కొలత చూసుకుంటోంది. ఆ పిల్ల ఆఫీసులో ఏసీ మనుషులకు కాదట, కంప్యూటర్లకట. రోజూ దగ్గుకుంటూ ఇల్లు చేరేది. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని. అయినా మూసుకున్నాను.

సనత్‌నగర్ క్వార్టర్లలో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆమె నేర్పిన అల్లిక అది. నిలువునా జడ, జడకు అటూ ఇటూ జాలీలా చిల్లులు. "చలికి అల్లేదానికి చిల్లులెందుకే?" అంటే "గాలి రానీకి నీ నోరొక్కటే చాలదనీ" అంది. జడ తిప్పడానికి చిన్న పుల్ల కావాలంటే సైకిల్ చక్రం పుల్లొకటి కోసి, నేను పనిచేసే కార్ఖానాలో ఆకురాయితో నున్నగా రుద్ది తెచ్చిచ్చాను. కొన్ని కుట్లను దానిమీదికెక్కించి వెనక్కి ఆపి, తరవాతివి ముందు అల్లేస్తే జడ కుడికి మెలి తిరుగుతుంది. మా ఆవిడకొచ్చింది ఆ ఒక్క మెలికే. అది ముందు తెరుచుకునే స్వెటర్. రెండు ముక్కల మీదా జడలు ఎదురెదురుగా తిరగాలి. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కుడికే! విప్పింది, అల్లింది, మళ్లీ కుడికే. నెలాఖరు దగ్గరపడుతోంది.

ఆదివారం పొద్దున పెట్టె సర్దుకుంటున్న కోడలు వసారాలోకొచ్చి కాసేపు చూసింది. కింద కూచుంది.

"ఓసారి ఇలా ఇవ్వండి అత్తయ్యా."

"నీకొస్తదా?"

"బళ్లో నేర్పారు. అందరికీ ఒకలా వస్తే నాకు అద్దంలో చూసినట్టు వచ్చేది. టీచరు తిట్టేవారు."

అల్లే సూది ఎడమ చేతిలోకి మార్చుకుంది. మా ఆవిడ నోరు తెరిచింది. అంతలో మెలి ఎడమకు తిరగడం చూసి ముందుకు వంగింది. మధ్యాహ్నానికి జడ చక్కగా ఎడమకు తిరిగి నిలబడింది. మా ఆవిడ దాన్ని తన ముక్క పక్కన పరిచి, వేలితో రెండు జడలనూ నిమిరింది.

"గిన్ని దినాలు చెప్పకపోతివేందే?"

"ఎడమ చెయ్యి కదండీ..."

మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి పోయింది. కంచాలు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "నువ్వే వడ్డియ్యి. ఏ చేత్తోనన్న వడ్డియ్యి గని, జల్ది. ఆకలైతున్నది."

స్వెటర్ పూర్తయ్యాక ఎవరు తొడుక్కున్నారో చెప్పక్కర్లేదు. చెల్లెలికన్నావు కదే అంటే "దానికి పట్టదు" అంది, అప్పుడే తెలిసినట్టు. మావాడు రూం మాట ఎత్తితే కోడలు "ఈ చలికాలం పోనివ్వండి, చూద్దాం" అంది. సర్దిన పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. హైదరాబాదులో చలికాలమెంత, దుప్పటి దులిపేలోపు పోతుంది. మా ఇంట్లో ఆ చలికాలం మాత్రం ఇన్నేళ్లయినా ఇంకా పోలేదు.