బుడుబుంగలకు లేని దండోరా

దర్శి దగ్గర మా పెరటి గోడ దాటితే మిరప చేలు, వాటి చివర ఒక కుంట ఉండేవి. ఏటా ఫాల్గుణం నుంచి ఉగాది దాటేవరకు పొద్దున్నే అక్కడికి వెళ్లి, కనిపించిన ప్రతి పక్షినీ తేదీ వేసి రాసుకునేవాణ్ణి. ఎనభైల నడుమ ఒక ఏడు వానలు బాగా పడి, కుంటలో నీరు నిలిచింది. తుంగలో నీట మునిగి తేలే బుడుబుంగ పిట్టల జంట ఒకటి గూడు కట్టింది. ఆ ఏడే పత్తికీ మిరపకూ మందు కొట్టేవాళ్లు తమ డ్రమ్ములు ఆ నీళ్లలో కడగడం మొదలుపెట్టారు.

"ఏమయ్యా, అక్కడ పిట్టలు గుడ్లు పెట్టాయి. డ్రమ్ము ఇంకెక్కడైనా కడుక్కోరాదా?" అని ఒక రైతును అడిగాను.

"పచ్చపురుగును కూడా చంపొద్దనలేదు, సంతోషం మాస్టారూ!" అన్నాడతను.

పక్కవాడు అందుకున్నాడు. "ఊరుకోరా, రేపటినుంచి పురుగులక్కూడా హాజరేస్తారు!"

పక్షుల పేరు చెబితే ఎవరూ వినరని తేలిపోయింది. అందుకే సర్పంచి గారికి ఇచ్చిన అర్జీలో గొడ్ల సంగతి రాశాను: ఆ నీళ్లు తాగితే బర్రెలు చచ్చిపోతాయని. ఫలితం వెంటనే కనిపించింది. మర్నాడే ఊళ్లో దండోరా వేశారు.

"కుంటలో మందు డ్రమ్ములు కడుగుతున్నారు! గొడ్లను దించొద్దహో!"

డ్రమ్ములు కడగవద్దని కాదు, గొడ్లను దించవద్దని! అంతవరకు బర్రెలవాళ్లతో తగాదా ఎందుకని జంకినవాళ్లు కూడా ఇక డ్రమ్ములతో నిర్భయంగా వచ్చారు. కుంటను పంచాయతీయే వాళ్లకు రాసిచ్చినట్లయింది.

నేను మండిపడుతూ సర్పంచి గారింటికి వెళ్లాను.

"గొడ్లు చస్తాయని రాసింది మీరేగదండీ? ఒక్కటీ చావలా. ఇంకేం కావాలి?" అన్నారాయన.

"మరి పిట్టలో?"

"వాటిక్కూడా దండోరా వేయించమంటారా ఏంది?" అని ఆయన నవ్వితే, అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు.

బుడుబుంగ గూడు విడిచి వెళ్లేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి వెళుతుంది. ఎంత తొందరలో ఉన్నా ఆ పని మరువదు. ఆ తరువాత నేను వెళ్లిన ఉదయం గుడ్ల మీద నాచు లేదు. అవి ఎండలో తెల్లగా కనిపిస్తున్నాయి. కాస్త అవతల, తుంగ మొదట్లో, ఒక పక్షి వెల్లకిలా తేలుతోంది.

రెండోది బతికే ఉంది. అది గూటి దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ముక్కుతో నాచు లాగి, ఒక్కొక్క గుడ్డునూ కప్పింది. కేకలు వేశాను, చప్పట్లు కొట్టాను, గట్టు మీది మట్టిబెడ్డలు విసిరాను. ఆ కుంట వదిలి ఎగిరిపోతుందేమోనని నా ఆశ. బెదిరిన బుడుబుంగ ఎగరదు. అది ఆ నీళ్లలోనే మునిగింది.