పదకొండింటి సర్వే

పిల్లల ఆరోగ్యం మీద పరిశోధన అంటూ యూనివర్సిటీ నుంచి ముగ్గురు గురజాల పక్కనున్న మా ఊరికి వచ్చారు. ఎమ్మే చదివానని, ఊళ్ళో అందరూ తెలుసని నన్ను వెంట తిప్పుకున్నారు. రోజూ వాళ్ళు దిగేది పదకొండింటికి. మిరపకోతల కాలంలో ఆ వేళకు ఊళ్ళో తల్లులు దొరకరని వాళ్ళ చదువులో లేదు. ఆరింటికే ఆటోలెక్కి చేలకు పోతారు. ఇళ్ళ దగ్గర ఉండేది నాయనమ్మలే. బిడ్డ నిన్న ఏం తిన్నదని ట్యాబు పట్టుకుని వాళ్ళనే అడిగేవారు.

మా వాళ్ళేమన్నా తక్కువా? బాగా తినే పిల్లాణ్ణి, దిష్టి తగులుతుందని, ఏమీ తినడంటారు. తినని పిల్లను, పరువు పోతుందని, అన్నీ తింటుందంటారు. ఊరు ఊరంతా ట్యాబులో తలకిందులుగా ఎక్కుతోంది. ఆ మాటే చెప్తే పెద్ద సారు నవ్వి, ప్రశ్నలు పైనుంచి ఖాయమై వచ్చాయన్నాడు. పైన ఎవరూ మిరపకాయలు కోయరు కాబోలు.

మా వెనకింటి మూడేళ్ళ పిల్ల గోడసున్నం గీక్కుని తింటోంది. కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయింది. రక్తపరీక్షకు నరసరావుపేట తీసుకెళ్ళే జాబితాలో మొదట ఉండాల్సింది ఆ పిల్లే. నాయనమ్మేమో గుడ్డు, పాలు, పప్పు అని ఏకరువు పెట్టింది. పరీక్ష అక్కర్లేదని ట్యాబు తేల్చేసింది. ఆ సాయంత్రానికి జాబితా మూసేస్తారు.

"ఏందత్తా, ఏ కోడి పెట్టింది ఆ గుడ్డు?" అన్నాను.

"నువ్వూరుకోవే. ఊరుగానోళ్ళ ముందర మా కోడల్ని తిండి పెట్టనిదాన్ని చేస్తావా?"

ఆమెతో వాదించి లాభం లేదని సారును ఆటో ఎక్కించి చేలోకి లాక్కెళ్ళాను. మిరప ఘాటుకు ఆయన తుమ్ములు ఆగలేదు. పిల్ల తల్లి కోత ఆపకుండానే జవాబు చెప్పింది.

"నేనొచ్చేటప్పుడు అది నిద్దర్లోనే ఉంటది సార్. ఇంటికి పోయేసరికి మళ్ళీ పడుకునుంటది. ఏం తింటదో నాకేం తెలుసు? నోటి చుట్టూ సున్నం మాత్రం రోజూ తుడుస్తా."

సారు ట్యాబులో ప్రశ్నలు అటూ ఇటూ జరిపి, సున్నానికి గడి లేదన్నాడు.

"గడి లేకపోతే పిల్ల కూడా లేనట్టేనా?" అన్నాను.

కోత ఆగింది. సాలులో ఉన్న ఆడవాళ్ళంతా ఆయన వైపే చూస్తున్నారు. పరిశోధన నేర్పనిది ఆ చూపులు నేర్పినట్టున్నాయి. జేబులోంచి కాగితం తీసి పిల్ల పేరు రాసుకున్నాడు.

నరసరావుపేటలో పరీక్ష చేసి, రక్తం బాగా తక్కువుందని సిరప్పు ఇచ్చి పంపారు. వెనకింటి అత్త నాతో మాట్లాడటం మానేసింది. సిరప్పు మాత్రం రోజూ, నా కళ్ళబడేలా వాకిట్లో నిలబడి మరీ పిల్లకు పోస్తోంది.