పడుగు కింద తొవ్వ

మా అత్త మొగిలమ్మ గంజి పెట్టిన పడుగు మగ్గమెక్కాక తెగదు. ఈ మాట నేనన్నది కాదు, కాశిబుగ్గ అంతా అనేదే. నేనంటే కోడలు గొప్పలు పోతోందంటారు కదా, అందుకే ముందే చెబుతున్నాను. పోనీ గొప్పలే అనుకోండి. చెప్పుకోదగ్గ అత్త ఉన్నప్పుడు చెప్పుకోకుండా ఎందుకు ఊరుకోవాలి?

డెబ్బై నాలుగులో కేసముద్రం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా నాన్న ఎప్పుడో మగ్గం వదిలేసి బట్టల కొట్టు పెట్టుకున్నాడు. అందుకని నాకు పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డం పోగులు, అంతవరకే తెలుసు. ఆ ఏడాది శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే అత్త లేపి, చేతికి గంజి గిన్నె ఇచ్చింది. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ ఇరవై రోజులంటే నేతగాళ్ల ఇళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. చలికాలం మంచుకు పడుగు ఆరదు. ఎండలు ముదిరితే పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకే మా గల్లీలో ఇంటింటికీ వంతులుండేవి. వంతు వచ్చిన ఇల్లు పడుగును గల్లీ పొడవునా చాపి, రెండు చివరలా గుంజలకు బిగించి, నడుమ కర్రలు నిలబెట్టి, పెద్ద కుంచెలతో గంజి దువ్వేది. మధ్యాహ్నానికి పడుగు చుట్టేసేవారు. ఆ తర్వాత అదే గల్లీలో చాపలు పరిచి ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేవాళ్లం.

గంజి కాచడం మా అత్త ఎవరికీ వదిలేది కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓ చుక్క రాసి చూసి, ఏమీ అనకపోతే బాగున్నట్టు. మనిషిని మెచ్చుకోవడం ఆమె ఒంట్లోనే లేదు. నన్ను పదేళ్లలో ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ గల్లీకి ఒక కట్టు ఉంది. చాపిన పడుగు కింద నుంచి ఎవరూ దూరకూడదు. దూరితే పోగుకు కీడని నమ్మకం. సైకిళ్ల వాళ్లు దిగి అరుగుల పక్క నుంచి నడిపించుకుని పోవాలి. కొత్తలో నేను నీళ్ల బిందెతో వంగి అవతలికి దూరాను. "మీ కేసముద్రంల గిట్లనే దూరుతరా?" అని అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురింటి రాజక్కయితే నెల రోజులు వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. ఆ కట్టు తప్పితే ఊరుకోని మనుషుల్లో రాజక్క మొదటిది.

డెబ్బై తొమ్మిదిలో, అదే కాలంలో, మా వంతు రోజున గల్లీలోకి ఒక జీపు వచ్చింది. పెద్దరోడ్డు పైపుల కోసం తవ్వి పెట్టారు. వెనక గల్లీలో రెండు సైకిళ్లే ఎదురుపడలేవు. మా పడుగు నిండా తడిసి, గుంజ నుంచి గుంజ దాకా బిగిసి ఉంది. డ్రైవర్ దిగాడు. పేరు జలాల్ అని తర్వాత తెలిసింది.

"అమ్మా, జర తొవ్వ ఇయ్యుండ్రి. ములుగు నుంచి వస్తానం. లోపల కాన్పు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందట, దవాఖానకు తీస్కపోవాలె."

"రిక్షాల ఎక్కియ్యరాదు?" అంది రాజక్క.

"కూసునేటట్టు లేదమ్మా. నెత్తురు పోతాంది."

జీపులోంచి మూలుగు వినబడింది. మా మామ రాజమల్లు కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తడి పడుగు సడలిస్తే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి, ఇక చేతికి రాదు. మా ఇంటిల్లిపాదికీ నెల రోజుల పని అది. నేను అత్త ముఖం చూశాను. ఆమె గంజి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇంటికొక్కరు రాండ్రి. పడుగు లేపుదాం. జీపు కింద నుంచి పోతది."

"మొగిలీ! పడుగు కింది నుంచి పోనిస్తవానే?" రాజక్క అరుపు గల్లీ చివరిదాకా వినబడి ఉంటుంది. "కీడు తలుగుతది!"

"తలిగితే నా పోగుకు తలుగుతది. నీకేం ఫికర్?"

ముప్పై మంది దాకా వచ్చారు. రాజక్క అరుగు దిగలేదు. గుంజలు పీకి చివరల్లో మగవాళ్లు పట్టుకున్నారు. అటూ ఇటూ నిలబడి మేము కర్రలతో సహా పడుగును తలల మీదికి ఎత్తాం. "గుంజి పట్టుండ్రి, సడలియ్యకుండ్రి!" అని అత్త ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతూనే ఉంది. జీపు మెల్లగా మా మధ్య నుంచి, పందిరి కింద పోయినట్టు పోయింది. గంజి మోచేతుల దాకా కారింది. అయినా వదలలేదు.

మళ్లీ బిగించి చూస్తే అరవైకి పైగా పోగులు తెగి ఉన్నాయి. "నేను జెప్పలే?" అంది రాజక్క. కీడు గీడు ఏమీ కాదు, ముప్పై జతల చేతులు ఒక్కతీరుగా ఎత్తలేవు, అంతే. అత్త రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా ఒక్కో పోగూ అతికింది. ఆ పడుగు మగ్గమెక్కాక ఒక్క పోగు తెగితే ఒట్టు. పది రోజులకు జలాల్ వచ్చి తల్లీబిడ్డా క్షేమమని చెప్పి, ఇంత చింతపండు ఇచ్చి పోయాడు. ఆడపిల్లట. పేరేం పెట్టారని అడగడం మరిచిపోయాం.

ఎనభై నాలుగులో నా రెండో కాన్పుకు అత్తగారింట్లోనే ఉన్నాను. నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. మా ఆయన ఆటో తెచ్చాడు. తీరా చూస్తే దవాఖానకు పోయే వైపు గల్లీ పొడవునా పడుగు చాపి ఉంది. ఆ రోజు వంతు రాజక్కది. అత్త నన్ను ఆటోలో కూర్చోబెట్టి, రాజక్క వైపు చూసింది. అడగడానికి ఆమెకు నోరు రాలేదని నాకు అర్థమైంది.

రాజక్క కుంచె కింద పడేసింది.

"ఏం జూస్తాండ్రు? లేపుండ్రి!"

గల్లీ గల్లీ అంతా అరుగులు దిగి వచ్చింది. అందరికంటే ముందు కర్ర పట్టింది రాజక్కే. ఆటో కదిలింది. పక్కకు వంగి తల ఎత్తి చూశాను. తెల్లటి పోగుల సందుల్లోంచి పొద్దుటెండ, ఇరుపక్కలా తెలిసిన చేతులు, తెలిసిన గాజులు. కడుపులో అంత నొప్పిలోనూ, ఇది మా గల్లీ అని గర్వంతో ఏడుపొచ్చింది.

పక్కన కూర్చున్న మా అత్త చెయ్యి బయటికి చాచింది. అరచేతిలో ఓ చుక్క పడింది. వేళ్ల మధ్య రాసి చూసింది. ఇక ఏం అంటుందోనని నాకు భయం.

"రాజక్కా!" అని కేకేసింది. "గంజి మంచిగ కుదిరిందే!"