దొరగారి జ్వరం

ఆఫ్రికాలో తెల్లదొరలు ఏలే గోల్డ్‌కోస్ట్‌లో, సముద్రం ఒడ్డునున్న మా చిన్న సర్కారు ఆసుపత్రిలో డాక్టరు దొర తాగి పడిపోతే రిజిస్టరులో "జ్వరం" అని రాసేవాళ్లం. ఎవరు నేర్పారో గుర్తులేదు. మందులు కలిపే నేనొక్కణ్ణే ఆరేళ్లలో ప్రింగిల్ దొరకు ముప్పైసార్లు జ్వరం తెప్పించాను. సిగ్గులేదా అంటారేమో, లేదు. ఉద్యోగం ఉండేది.

నర్సు అరబా క్వాన్సిమాకు మాత్రం ఆ విద్య అబ్బలేదు. ఫాంటీ తెగ జాలరుల ఇంటి ఆడపడుచు. మొగుణ్ణి సముద్రం మింగేశాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది.

ఓ సోమవారం ఉదయం ఎబో కురెంత్సి అనే జాలరిని తెరచాపలో పడుకోబెట్టి మోసుకొచ్చారు. గజ్జల్లోకి పేగు జారి బిగుసుకుపోయింది. సాయంత్రంలోగా కొయ్యకపోతే మనిషి దక్కడు. ప్రింగిల్ దొర గోడ పట్టుకుని వచ్చాడు. కత్తి చేతిలో నిలవడం లేదు. అరబా ఆ కత్తి లాక్కుని, రోగిని బయటికి తెప్పించి, ఆపరేషన్ గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

"తలుపు తియ్యి" అన్నాడు దొర.

"తియ్యను. ముందు తిన్నగా నిలబడండి, తర్వాత కోద్దురుగాని."

అరబా ఎబోను చేపల లారీ ఎక్కించి, పాతిక మైళ్ల అవతలి మిషన్ ఆసుపత్రికి పంపేసింది. అలా పంపితే కారణం రాయాలి. జ్వరమని రాసెయ్యి తల్లీ, నీ ఉద్యోగం నిలుస్తుందని బతిమాలాను.

"జ్వరమని రాస్తే రేపు మళ్లీ కత్తి పట్టుకుంటాడన్నా" అంది. డాక్టరు డ్యూటీలో తాగి ఉన్నారని గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఎబో బతికాడు. పదోరోజున సర్కారు ఆసుపత్రులన్నిటికీ అధికారి అయిన పెద్ద దొర రాజధాని అక్రా నుంచి దిగాడు. అరబాను ఆ మాట కొట్టేసి జ్వరమని రాయమన్నాడు, లేకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

"పద్నాలుగేళ్లుగా జ్వరాలు చూస్తున్నాను దొరా. సీసాలోంచి వచ్చే జ్వరం ఎక్కడా చూడలేదు. కొట్టెయ్యను."

ఆయన నావైపు తిరిగి, ఆ రోజు జ్వరమే కదా అన్నాడు. కాదన్నాను. కలం అందుకుని ఆమె రాసిన మాట కింద నా పేరు పెట్టాను.

"ఇప్పటికి తిరిగిందన్నా నీ చెయ్యి" అంది అరబా.

రేపట్నుంచి ఇద్దర్నీ రావద్దన్నాడు పెద్ద దొర. రేపటి సంగతి సరే, ఇవాళ ముగ్గురికి కట్లు మార్చాలంటూ ఆమె వార్డులోకి నడిచింది. నేను వేడినీళ్లు పట్టుకుని వెనకే వెళ్లాను.