గాలికి తాళం వేసిన వానాకాలం

2023 వానాకాలంలో మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో కూర్చుని, ఈ దేశపు క్షిపణి రక్షణ పనిని మూడు రోజులు ఆపినవాణ్ణి నేను. చేతిలో ఉన్నది ఒక సుద్దముక్క. నవ్వకండి, చదవండి.

నాది గేజ్ రీడర్ పని. ప్రాణహిత ఒడ్డున మీటర్ల గీతలున్న పట్టీ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాన్ని స్టాఫ్ గేజ్ అంటారు. పొద్దున ఎనిమిదింటికి నీళ్లు ఏ గీత మీద ఉన్నాయో చూసి రాయాలి. నీళ్లు నిలకడగా ఉండవు. అల ఎక్కినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి చూసి, నడిమి అంకె పట్టుకోవాలి. అది అలవాటు కావడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

అంకెను ఆఫీసుకు పంపాక, బస్ స్టాండు దగ్గరి చాయ్ హోటల్ నల్లబోర్డు మీద కూడా రాసేవాణ్ణి. నాకంటే ముందున్న రీడర్ పెట్టిన పద్ధతి అది. నీళ్లు కదలని రోజు పాత అంకెనే ఉంచేవాళ్లం. పొద్దుటి బస్సు కండక్టర్ ఆ అంకెను దిగువన గోదావరి దిక్కున్న అంకిస ఊరికి మోసుకుపోయేవాడు. ఇక్కడ నది పెరిగితే కొన్ని గంటల్లో అక్కడ గోదావరి పెరుగుతుంది. రైతులు ఒడ్డున పెట్టిన మోటార్లను ఆ అంకెను బట్టే పైకి జరుపుకుంటారు.

నేను రిటైరయ్యాక, దూరపు విశ్వవిద్యాలయం ఒకటి మా ఊరికి వాన పరిశోధన తెచ్చింది. బెలూన్ వదిలి, థియోడొలైట్ అనే దుర్బిణితో దాని వెంటపడి, పైన గాలి ఎటు ఎంత వేగంగా వీస్తున్నదో లెక్కగడతారు. వాన, నది అంకెల కోసం నన్ను మళ్లీ పనిలో పెట్టుకున్నారు. నల్లబోర్డూ మళ్లీ నా చేతికొచ్చింది. మొదట పొలాల మీది మబ్బుల ఎత్తు వరకే చూశారు. తర్వాత రక్షణ వాళ్ల డబ్బు వచ్చింది. మబ్బులు వద్దు, వాటికి చాలా పైన ఉన్న గాలి కావాలన్నారు. మన మీదికి వచ్చే క్షిపణిని ఆకాశంలోనే కొట్టాలంటే అక్కడి గాలి తెలియాలట. డబ్బు వెంట ఒక కాగితం కూడా వచ్చింది. ఈ కేంద్రంలో కొలిచిన ఏ అంకెనూ బయటివాళ్లకు చెప్పరాదు.

ఏ అంకెనూ అంటే నది అంకె కూడా.

గొడవ ముదిరి బడి హాల్లో సభ పెట్టారు. దేశం కోసమైతే నోరు మూసుకోవాలని కొందరు, దేశంలో అంకిస లేదా అని కొందరు అరుచుకున్నారు. వాన మీద పరిశోధనకని ప్రాజెక్టులో చేరిన స్నేహల్ మా జిల్లాలోని అహేరి ఊరి పిల్ల. ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా, "తాతా, ఆ పైసలు లేకుంటే ఈ బెలూన్లే లేవు. వాన కోసమని ఎవలిస్తున్నరు చెప్పు?" అంది.

అది నిజమే. "మరి నీ వాన ప్రశ్న ఏమైంది బిడ్డా?" అన్నాను.

"పక్కకు పెట్టిన."

నాకు మండింది. శాస్త్రం చదివిన పిల్ల ఏ ప్రశ్న అడగాలో ఆయుధాలవాళ్లు చెప్పడమేమిటి? లేచి నిలబడ్డాను. వేదిక మీద ఉన్న ప్రాజెక్టు పెద్దసారును సూటిగా అడిగాను. "పైన గాలి మీరు దాసుకోండ్రి సార్. మా చేన్ల మీదికొచ్చే నీళ్లు ఎవలికి తెల్వకుండ దాస్తున్నరు? శత్రువుకు మా మోటర్ తోని ఏం పని?"

హాలంతా చప్పట్లు. పెద్దసారు నీళ్లు తాగాడు.

ఇక ఒప్పుకోవలసినవి. మూడు రోజులు ఆపానన్నది కోత. బెలూన్ ఎగరనిది ఒక్క రోజే, అదీ వాన దంచికొట్టినందుకు. ఇంకోటి చెప్పడానికి మనసొప్పదు. సభకు వారం ముందే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాను, చదవకుండా. పెట్టాక భయపడి రెండు పొద్దులు బోర్డు దిక్కు పోలేదు. బోర్డు మీద పాత అంకె అలాగే ఉండిపోయింది. నది ఎక్కలేదని కండక్టర్ చెప్పాడు. అంకిస నమ్మింది. రెండో రోజు అక్కడి రైతు పోసక్క మోటారు మునిగింది. ఆమె ఎకరన్నర వరి ఆ మోటారు మీదే.

మూడో పొద్దున ఆమె నా గుమ్మం ముందు నిలబడి, "కాకా, నీ అంకె సూసే మోటర్ ఆడ ఉంచిన" అంది. తిట్టలేదు. నేను నోరు మూసుకున్నాననే అనుకున్నాను. కానీ ఊరికి అబద్ధం చెప్పాను. అప్పుడే పోయి కొత్త అంకె రాశాను. పనిలోంచి తీసేస్తే తీసేయండని పెద్దసారుకు చెప్పాను. తీసేయలేదు. సభ తర్వాత కాగితం మార్చారు. వాన, నది అంకెలు అందరికీ చెప్పొచ్చన్నారు. గాలికి ఇంకా తాళమే ఉంది. దాని గురించి అడగడం నేను మానలేదు, మానను.

నేర్చుకున్నది ఒకటే. నది అంకె, ఆ నీళ్లలో మునిగేవాళ్లది. అది దాచమని ఎంత పెద్ద కాగితం వచ్చినా, ఇకమీదట నా సంతకం దొరకదు.

ఇదంతా రాసి పోసక్కకు చదివి వినిపించాను. చివరిదాకా విని అంది: "మంచిగనే రాసినవ్ గని కాకా, సభల నువ్వు లేసుడేంది? కుర్సీ దొరకక మొదటి సంది నిలవడే ఉన్నవ్. ఆ సారును అడిగింది నేను."